మామకు ఫ్యూజు లేదు

బల్బు మిస్త్రీకి భయం కొత్త కాదు. కొందరికి తాతల నుంచి పొలం వస్తుంది, కొందరికి బట్టతల వస్తుంది. ఆయనకు భయం వచ్చింది. ఏ కారు బానెట్ ఎత్తినా ముందు బ్యాటరీ తీగ ఊడదీసేవాడు. అది నిజంగా ఊడిందో లేదో మరోసారి తాకి చూసేవాడు. ఆ తర్వాత కూడా మెడలో వేలాడే టెస్టు బల్బు మొనతో అక్కడా ఇక్కడా పొడిచి, వెలగలేదని తేలాకే స్క్రూడ్రైవరు పట్టేవాడు. ఆ బల్బు వల్లే ఆ పేరు. అసలు పేరు ఇంట్లోవాళ్ళకైనా గుర్తుందో లేదో.

"అన్నం తినేముందు కూడా కంచానికి కరెంటుందేమో చూసుకుంటావా మిస్త్రీ?" అని పక్కనున్న టైర్ల షాపువాడు రోజుకొక్కసారైనా అనేవాడు.

"టైరు పేలితే నువ్వు చెవులు మూసుకుంటావు. వైరు అంటుకుంటే ఏం మూసుకోవాలో చెప్పు, అలాగే చేస్తా," అనేవాడు మిస్త్రీ.

ఆయన కళ్ళారా చూసినవాడు. చాలా ఏళ్ళ కిందట, ఇదే వీధి మలుపులో, ఒక కారులో వేలెడంత వైరు డాష్‌బోర్డు వెనక రాపిడికి ఒలిచిపోయి ఇనుముకు తగిలింది. ఆ వైరుకు ఫ్యూజు లేదు. ఓనరు ఒక కాలి చెప్పుతో బయటికి దూకాడు. రెండో చెప్పు దొరకలేదు సరికదా, వెతకడానికి కారే మిగల్లేదు. అంతా అయ్యేసరికి ఒక మనిషి టీ తాగేంత సేపు కూడా పట్టలేదు.

మిస్త్రీ షాపంటే ఒక కారు దూరితే మనిషి పక్కకు తిరిగి నడవాల్సినంత ఇరుకు. కొత్త బళ్ళు అక్కడికి రావు. వాటికి కంప్యూటరు తగిలించి జబ్బు చెప్పే పెద్ద షెడ్లు వేరే ఉన్నాయి. ఈయన దగ్గరికి వచ్చేవన్నీ ముసలి బళ్ళు. వాటి జబ్బులు కూడా ముసలివాళ్ళ జబ్బుల్లాంటివే. ఒకచోట నొక్కితే ఇంకోచోట మూలుగుతాయి. బ్రేకు తొక్కితే రేడియో ఆగిపోతుంది. వైపరు వేస్తే లోపలి దీపం వెలుగుతుంది. ఎడమ ఇండికేటరు వేస్తే రెండూ కొట్టుకుంటాయి. వచ్చినవాళ్ళంతా "దయ్యం పట్టింది మిస్త్రీ" అంటారు. దయ్యమేం కాదు, సగానికి సగం ఎర్త్ సరిగా లేకపోవడమే. బండి ఇనుముకు బిగించిన తీగ చివర తుప్పు పట్టి ఉంటుంది. గీకి, బిగించి, కాస్త గ్రీజు పూస్తే దయ్యం దిగిపోతుంది. మిగతా సగం మాత్రం వైర్ల కట్టలోకి దిగి వెతకాల్సినవి. అక్కడే మిస్త్రీకి వచ్చింది చిక్కు.

ఆయనకు రంగులు తెలియవు.

అన్నీ కాదు. పసుపు తెలుస్తుంది, నీలం తెలుస్తుంది. నలుపూ తెలుపూ సరేసరి. ఎరుపు, ఆకుపచ్చ, కాఫీ రంగు, నారింజ, ఈ నాలుగూ ఆయనకు ఒకే బురదలో పొర్లిన నలుగురు మనుషుల్లా కనబడతాయి. ఈ సంగతి ఆయనకు పంతొమ్మిదో ఏట తెలిసింది. రైల్వే ఉద్యోగానికి రాత పరీక్ష పాసై, కళ్ళ పరీక్షకు వెళ్తే, చుక్కల బొమ్మ చూపించి అందులో అంకె చదవమన్నారు. ఆయనకు చుక్కలే కనబడ్డాయి, అంకె కనబడలేదు. పుట్టినప్పటి నుంచీ ఈ లోకాన్ని తప్పుగా చూస్తున్నావని ఒక గుమాస్తా ఒక్క ముద్రతో చెప్పేసి, "తర్వాత ఎవరు?" అన్నాడు. పంతొమ్మిదేళ్ళ బతుకు మీద అంత తేలిగ్గా గీత గీయగలవాళ్ళకు రాత్రి నిద్ర ఎలా పడుతుందో అడగాలి. బాగానే పడుతుందట.

ఇంటికొచ్చి, సీట్లు నిండిపోయాయని చెప్పాడు. ఆ తర్వాత బతుకుతెరువు కోసం కారు వైరింగు నేర్చుకోవడానికి చేరడం ఏం తెలివో ఆయనే చెప్పాలి. వేరే ఎవరూ పని ఇవ్వలేదన్నది నిజం. గురువు "ఎర్ర వైరు తే" అంటే ఆకుపచ్చది తెచ్చి చెంపదెబ్బ తిన్నాడు. నిజం చెప్తే పని పోతుంది. అందుకని "తమాషాకి తెచ్చా గురూ" అని ఇంకో దెబ్బ కూడా తిన్నాడు. అప్పటి నుంచి రంగుతో పని లేకుండా పని చేయడం నేర్చుకున్నాడు. ఏ వైరు ఎక్కడ పుట్టి ఎక్కడ చస్తుందో వేళ్ళతో తడిమి పట్టుకునేవాడు. ఫ్యూజు ఒక్కొక్కటీ పీకి, ఏది ఆరిపోయిందో చూసి, ఏ వైరు ఏ ఫ్యూజుదో తేల్చేవాడు. పక్క షాపులో గంటలో అయ్యే పని ఈయన దగ్గర పూట పట్టేది. జనం దాన్ని జాగ్రత్త అనుకున్నారు. పేరొచ్చింది.

పెళ్ళైన నెలకే భార్య పట్టేసింది. టమాటాలు తెమ్మంటే పచ్చి కాయలన్నీ ఏరి తెచ్చాడు.

"ఇవి ఎప్పటికి పండాలయ్యా? మనకు పిల్లలు పుట్టాకా?" అని నవ్వింది. ఆయన మొహం చూసి నవ్వు ఆపింది. ఇంకేమీ అడగలేదు. మర్నాడు అన్నం డబ్బాతో షాపుకొచ్చి, స్టూలు వేసుకుని, చినిగిన బట్టలేవో ముందేసుకుని కూర్చుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా కూర్చునే ఉంది.

కస్టమర్ల ముందు "ఇది ఎరుపు, ఇది ఆకుపచ్చ" అని మొగుడికి చెప్తే ఊరంతా తెలిసిపోతుంది. అందుకని ఆమె పేర్లు పెట్టింది. ఎరుపు అత్త. ఎప్పుడూ కరెంటు మీదే ఉంటుంది గానీ, కోపం మరీ ముదిరితే ఫ్యూజు తెగి చల్లబడుతుంది. ఆకుపచ్చ కోడలు. తాళం తిప్పితేనే పని చేస్తుంది. నారింజ ఆడపడుచు. ఎప్పుడో ఒకసారి వచ్చి దీపం వెలిగించి పోతుంది. కాఫీ రంగు మామ. నేరుగా బ్యాటరీ నుంచి వస్తాడు, మధ్యలో అడిగేవాళ్ళు లేరు, ఫ్యూజు లేదు. అత్త అలిగితే హారనే పోతుంది. మామ అలిగితే ఇల్లు కాలుతుంది.

ఆమె టార్చి పట్టుకుని "పైన అత్త, పక్కన కోడలు, మామ అడుగున పడుకున్నాడు" అంటుంటే, కస్టమర్లు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. మొగుడూ పెళ్ళాలది ఏం సరసమనుకునేవాళ్ళు. ఫ్యూజులు పీకి చూసే పాత అలవాటు మిస్త్రీ మెల్లగా మానేశాడు. ఆమె చెప్పాక ఇంకెందుకు? నమ్మకం అని దానికి మంచి పేరు పెట్టుకోవచ్చు. బద్ధకం అన్నా తప్పు లేదు.

*

ఆ శనివారం నర్సమ్మ కారు వచ్చింది. ఆవిడ ఇల్లిల్లూ తిరిగి మంచాన పడ్డ ముసలివాళ్ళకు కట్లు కడుతుంది, సూదులు వేస్తుంది. కారు వాళ్ళ నాన్నది. ఆయన పోయాడు, అది పోలేదు.

"హారన్ మూగదైపోతోంది మిస్త్రీ," అంది. "ఎడమకి పూర్తిగా తిప్పానా, ఫ్యూజు పోతుంది. కొత్తది వేస్తాను. రెండు రోజులు అరుస్తుంది, మళ్ళీ ఎడమకి తిప్పుతాను, మళ్ళీ మూగనోము. రేపు అమ్మని తీసుకుని కొండ మీద అక్క వాళ్ళింటికి వెళ్ళాలి. నలభై మలుపులు. హారన్ లేకుండా ఎలా?"

జబ్బు చెప్పిన తీరులోనే మందు ఉంది. హారన్ వైరు స్టీరింగు రాడ్డు పక్కనుంచి వెళ్తుంది. రాడ్డు ముసలిదై ఊగుతోంది. ఎడమకి తిరిగినప్పుడల్లా రాసుకుని రాసుకుని వైరు తొడుగు ఒలిచిపోయింది. రాగి ఇనుముకు తగలగానే ఫ్యూజు తన ప్రాణం ఇచ్చి బండిని కాపాడుతోంది. మిస్త్రీ ఒలిచిపోయిన ముక్కంతా కోసి పారేశాడు. డాష్‌బోర్డు వెనక కట్టలోంచి భార్య అత్త అన్న వైరు పట్టుకుని, దాని నుంచి కొత్త లైను తీసి, రాడ్డుకు దూరంగా కట్టాడు. టెస్టు బల్బు వెలిగింది. హారన్ వీధంతా వినబడింది. నర్సమ్మ రెండు చేతులూ చెవులకు పెట్టుకుని, "చాలు చాలు, పేషెంట్లు లేచి పారిపోతారు," అని నవ్వి, బండి తీసుకుపోయింది.

అంతే. అందులో భయపడాల్సింది ఏమీ లేదు.

ఆదివారం పొద్దున్న పదింటికి మరదలు వచ్చింది. భార్య చెల్లెలు. నోరు పెద్దది, మనసు అంతకంటే కాస్త చిన్నది. గుండీలు కుట్టమని ఇచ్చిన స్వెటరు తీసుకుపోవడానికి వచ్చి, దాన్ని కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుంది.

"ఏంటే అక్కా ఇది? ఎర్ర స్వెటరుకి కాఫీ రంగు దారమా? ఎలుకలు కొరికిన చోట మట్టి పూసినట్టుంది."

"ఎర్ర దారమేనే అది," అంది భార్య వంటింట్లోంచి.

"ఎర్ర దారం కాదు, మా ఆయన పళ్ళ రంగు దారం. బావా, నువ్వు చెప్పు. ఇది ఎరుపేనా?"

మిస్త్రీ చూశాడు. స్వెటరూ దారమూ ఆయనకు ఒకటే. ముప్పై ఏళ్ళుగా ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడల్లా చేసినట్టే చేశాడు. "ఆడవాళ్ళ గొడవల్లో నన్ను లాగకు," అన్నాడు. అని, లేచి పెరట్లోకి వెళ్ళాడు. అక్కడ కుళాయి తిప్పి చేతులు కడుక్కుంటుండగా ఆయన వీపు మీద ఎవరో చల్లటి నీళ్ళు పోసినట్టైంది.

నిన్న ఆమె తడబడింది. డాష్‌బోర్డు కింద తలపెట్టి ఆయన వైర్లు విడదీస్తుంటే, టార్చి పట్టుకుని, "మామ," అంది. తర్వాత కాస్త ఆగి, "కాదు కాదు. అత్త," అంది. ఇరవై ఎనిమిదేళ్ళలో "కాదు కాదు" అనడం ఆయన వినలేదు. నిన్న విన్నాడు గానీ పట్టించుకోలేదు.

కుళాయి కట్టకుండానే లోపలికొచ్చి, మంచం కింద డబ్బాలోంచి గుప్పెడు వైరు ముక్కలు తీశాడు. భార్యను కిటికీ వెలుగులోకి పిలిచాడు.

"ఇదేంటే?"

"అత్త."

"ఇది?"

"మామ. ఏమయ్యా, పొద్దున్నే పరీక్షలేంటి?"

అప్పుడు తెలిసింది మిస్త్రీకి తన తెలివితక్కువతనం. పరీక్ష పెట్టినవాడికే జవాబు తెలియదు. ఆమె ఏం చెప్పినా ఒప్పుకోవాలి, లేదా ఇంట్లో ఉన్న మూడో మనిషిని అడగాలి. ఆ మూడో మనిషికి చెప్తే మైకు పెట్టి చెప్పినట్టే.  ఒక ముక్క మరదలి వైపు చాచాడు.

"ఇది ఏం రంగు?"

"అది... కాఫీ రంగు. అక్క అత్త అంటుందేంటి? ఎవరత్త?"

"ఇది?"

"అది కూడా కాఫీ రంగే. కాస్త ముదురు. ఎందుకు బావా, నీకు కనబడటం లేదా?"

నవ్వుతూనే అడిగింది. ఇద్దరూ నవ్వకపోవడం చూసి, అక్క మొహంలోకీ బావ చేతిలోకీ మార్చి మార్చి చూసి, స్వెటరు మెల్లగా ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ నోరు మూతపడటం ఆ ఇంటి గోడలు అదే మొదటిసారి చూడటం.

*

నర్సమ్మకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాడు. బండి నడిపేటప్పుడు ఆవిడ ఫోన్ ఎత్తదు, అది ఆవిడ నియమం. నియమాలున్న మనుషులతో ఇదే తంటా. పాత స్కూటరు తీశాడు. భార్య వెనక ఎక్కింది.

కూడలిలో సిగ్నల్ దగ్గర ఆగాడు. పై దీపం వెలిగితే ఆగాలి, కింది దీపం వెలిగితే వెళ్ళాలి. ఎవరైనా ఆ స్తంభాన్ని తలకిందులుగా పాతితే తాను చచ్చినట్టే అని ఎప్పుడూ అనుకునేవాడు. ఈసారి అనుకోలేదు. ఆయన తల నిండా ఒకటే లెక్క. టెస్టు బల్బు అత్తకూ వెలుగుతుంది, మామకూ వెలుగుతుంది. హారన్ రెండింటితోనూ అరుస్తుంది. తేడా ఒక్కటే. కొత్త వైరు అత్త నుంచి తీసి ఉంటే, రాడ్డు రాపిడికి ఒలిచినా ఫ్యూజు పోతుంది, హారన్ మూగబోతుంది, నర్సమ్మ విసుక్కుంటుంది. మామ నుంచి తీసి ఉంటే ఆపేవాళ్ళు లేరు. బ్యాటరీలో ఉన్న బలమంతా ఆ సన్నటి వైరులోంచి ఒక్కసారిగా పోతుంది. ఆవిడ మోకాళ్ళ పైన ఎర్రగా కాలుతుంది. ఎర్రగా అని జనం అంటారు. ఆయనకు అది ఎలా కనబడుతుందో ఆయనకే తెలుసు.

ఊరు దాటి కొండ ఎక్కడం మొదలైంది. స్కూటరు మూలుగుతోంది. మొదటి ఎడమ మలుపు. రెండోది. ప్రతి ఎడమ మలుపుకీ ఆయన చేతులు హ్యాండిల్ తిప్పుతుంటే, ముందెక్కడో ఆ రాడ్డు కూడా తిరిగి ఉంటుందని, తిరిగి ఆ వైరును నాకి ఉంటుందని అనిపించేది.

"ఎప్పటి నుంచి?" అని అడిగాడు, వెనక్కి తిరగకుండా.

గాలికి ఆమె వినలేదనుకున్నాడు. మలుపు దాటాక, "చలికాలం ముందు నుంచి," అంది.

"ఏం కనబడుతుంది?"

"పొగ పట్టిన గాజులోంచి చూసినట్టు ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో బాగానే కనబడతాయి. డాష్‌బోర్డు కింద అన్నీ నీ కళ్ళలాగే."

"మరి చెప్పలేదేమే?"

"నువ్వెవరికి చెప్పావయ్యా?"

 ఇంకో మలుపు వచ్చింది, తిప్పాడు.

"నాకు కనబడటం లేదంటే షాపు మూసేస్తావు," అంది ఆమె, ఆయన వీపుకేసి. "కళ్ళ డాక్టరు కత్తి పెడతాడంటారు. రెండూ పోతే? అందుకని వైరు పట్టుకుని వేళ్ళతో తడిమి, పాత కట్టు ఎటు వెళ్తుందో చూసి, ఊహించి చెప్పేదాన్ని. చాలాసార్లు సరిగ్గానే ఉండేది."

"చాలాసార్లా?"

 ఆమె పట్టుకున్న చొక్కా ఇంకాస్త బిగుసుకుంది.

పదిహేడో మలుపు దాటాక ముందు పొగ కనబడింది. చెట్ల పైనుంచి సన్నగా, నిలువుగా లేస్తోంది. మిస్త్రీ యాక్సిలరేటరు చివరిదాకా తిప్పాడు. "ఏమయ్యా, అది..." అంది భార్య. ఆమెకు పొగ కనబడింది. అంత పెద్దది ఎవరికైనా కనబడుతుంది. బండి బతిమాలితే ఎక్కదు, తిడితే ఎక్కదు. ఆ వంద గజాలు ఎక్కడానికి పట్టిన సమయంలో ఆయన నర్సమ్మ కట్లు కట్టే చేతుల్ని చూశాడు, వాళ్ళమ్మను చూశాడు, పోలీసును చూశాడు, రైల్వే గుమాస్తాను చూశాడు. "నేనప్పుడే చెప్పాను కదా" అంటున్నాడు గుమాస్తా.

మలుపు తిరిగితే రోడ్డు పనివాళ్ళు. తారు డ్రమ్ము కింద మంట పెట్టారు.

ఒకడు ఎర్ర జెండానో పచ్చ జెండానో ఊపాడు. మిస్త్రీ ఆగి, అతని మొహం చూసి, వెళ్ళమన్నాడని అర్థం చేసుకుని వెళ్ళాడు.  ఊరట రావాలి. రాలేదు. ఇది కాకపోతే ఇంకోటి, ముందింకా మలుపులున్నాయి.

ఇరవై మూడో మలుపు దగ్గర రోడ్డు వెడల్పయ్యే చోట నర్సమ్మ కారు ఆగి ఉంది. ముసలామె పిట్టగోడ మీద కూర్చుని నీళ్ళు పుక్కిలిస్తోంది. నర్సమ్మ పక్కన నిలబడి తువ్వాలు పట్టుకుంది.

"మిస్త్రీ! మీరేంటిక్కడ? ఇద్దరూ షికారొచ్చారా?"

"బండి ఆపేశారా అమ్మా? తాళం తీసేశారా?"

"మా అమ్మ ఆపించింది. మలుపులకు కక్కింది. పైగా వాసనట. ఏదో కాలిన వాసన వస్తోందని కొండ కింద నుంచీ గోల."

"గోల కాదే, రబ్బరు కాలిన వాసన," అంది ముసలామె. "నువ్వు రోజంతా స్పిరిట్ వాసన పీలుస్తావు, నీకేం తెలుస్తుంది?"

మిస్త్రీ అప్పటికే డ్రైవరు సీటు దగ్గర మోకాళ్ళ మీద ఉన్నాడు. చేయి డాష్‌బోర్డు కిందికి పోనిచ్చి, తాను నిన్న కట్టిన వైరు వెంట వేళ్ళు నడిపించాడు. చల్లగానే ఉంది. రాడ్డు దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగింది. ఎంత దూరంగా కట్టినా ముసలి రాడ్డు ఊగుతూ వెతుక్కుంటూ వచ్చి రాసుకుంది. తొడుగు మీద గాడి పడింది. గోటితో తడిమి చూశాడు. రాగి ఇంకా బయటపడలేదు. వెంట్రుక మందం మిగిలిందేమో. వాసన క్లచ్చుది అయ్యుండొచ్చు. దేనిదైనా అయ్యుండొచ్చు.

ఇక చేయాల్సింది నిన్న చేసి ఉండాల్సింది. రంగుతో పని లేనిది. ఫ్యూజు పెట్టె మూత తీసి, హారన్ ఫ్యూజు పీకి, గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"అమ్మా, హారన్ కొట్టండి."

"ఫ్యూజు తీసేశారు కదా, ఎలా మోగుతుంది?"

"మోగకూడదు. కొట్టండి."

నర్సమ్మ కిటికీలోంచి చేయి పెట్టి నొక్కింది.

హారన్ మోగింది. కొండంతా మోగింది. ఎదురు కొండ కూడా మోగి తిరిగి వచ్చింది. మిస్త్రీ భార్య చెవులు మూసుకోలేదు, కళ్ళు మూసుకుంది.

మిస్త్రీ లేచి వెళ్ళి బ్యాటరీ తీగ ఊడదీశాడు. రెండుసార్లు తాకి చూశాడు.  తిరిగొచ్చి, వైర్ల కట్ట వెలుగులోకి లాగి, నిన్నటి అతుకు కోసేశాడు. 

"తప్పు వైరుకు కలిపానమ్మా. ఫ్యూజు లేని దానికి."

"మీరా? మీరు బ్యాటరీని రెండుసార్లు తాకే మనిషి. సరే, ఇప్పుడు ఎర్రదానికి కలిపేయండి. ఎర్రదే కదా కలపాల్సింది, నిన్న మీరే అన్నారు."

"అవును."

ఆయన కట్ట పట్టుకుని అలాగే ఉన్నాడు. ఐదు వైర్లున్నాయి. ఒకటి నీలం. ఒకటి నలుపు. మిగతా మూడూ బురద. పక్కకు చూశాడు. భార్య ఆయన కేసి చూస్తోంది గానీ వైర్ల కేసి చూడటం లేదు. ఒక అబద్ధం ఇప్పటికీ మిగిలే ఉంది. "సామాను షాపులో ఉంది, బండి కిందికి తోయిద్దాం" అనొచ్చు. కిందికి తీసుకుపోయి, ఎవరూ చూడకుండా ఫ్యూజులు పీకి పీకి పూటంతా తేల్చుకోవచ్చు. నోటిదాకా వచ్చింది.

"ఏది ఎర్రది మిస్త్రీ?" అంది నర్సమ్మ.

"నాకు తెలియదమ్మా. మీరే చెప్పాలి."

ఆవిడ నవ్వబోయింది. తర్వాత నవ్వలేదు. వంగి, ఆయన మొహంలోకి, అక్కడి నుంచి ఆయన భార్య మొహంలోకి చూసింది. సంచిలోంచి చిన్న టార్చి తీసింది, రోగుల గొంతులో వేసి చూసేది. ముందు వైర్ల మీద వేసి ఒకదాన్ని వేలితో విడదీసింది. "ఇది," అంది. మిస్త్రీ దాన్ని పట్టుకుని, "ఇంకోసారి చూడండి," అన్నాడు. "ఇదే," అంది. కలిపాడు. రాడ్డుకు తగలకుండా పైనుంచి తిప్పి, రబ్బరు గొట్టం ముక్క తొడిగి కట్టాడు. బ్యాటరీ తీగ మళ్ళీ తగిలించి, ఫ్యూజు లేకుండా హారన్ నొక్కించాడు, మోగలేదు. ఫ్యూజు పెట్టి నొక్కించాడు, మోగింది. మూడుసార్లు అలాగే చేయించాడు. ముసలామె, "ఏమే, అతనికేమైనా చెవుడా?" అని అడిగింది.

ఆ తర్వాత నర్సమ్మ టార్చి మిస్త్రీ భార్య కంట్లో వేసింది. ఒక కన్ను, రెండో కన్ను.

"పొర కమ్మేసింది. పెద్ద కష్టం కాదు, తీసేస్తారు. నేను రాసిస్తాను ఎక్కడికెళ్ళాలో," అంది. గొంతులో దయ లేదు. టార్చి ఆర్పకుండానే మిస్త్రీ వైపు తిరిగింది. "నా బండి సరే. నాది నిన్నటిది. ఈ పొర నిన్న రాలేదు. ఇంకెన్ని బళ్ళున్నాయి?"

లేవని చెప్పాలని మిస్త్రీ నోరు తెరిచాడు. ఊళ్ళో ఒక్కడికి తెలిస్తే చాలు. రేపటికల్లా టైర్ల షాపువాడు, ఎల్లుండికల్లా అందరూ. ముప్పై ఏళ్ళ పేరు. రంగులు తెలియని వైరింగు మిస్త్రీ! వినడానికే తమాషా. నవ్వడానికి జనానికి ఇంతకంటే ఏం కావాలి? వాళ్ళు నవ్వుతారు. నవ్వి, వాళ్ళ పనులు వాళ్ళు చూసుకుంటారు. ఈయన షట్టరు దించుకుంటాడు.

"పదకొండు," అంది భార్య.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. వేళ్ళు ముడిచి పట్టుకుని ఉంది. స్కూటరు మీద వచ్చినంత సేపూ లెక్కపెట్టినట్టుంది. "అత్తా మామా పక్కపక్కనే పడుకున్న బళ్ళు పదకొండు," అంది. "అందులో ఒకటి స్కూలు వ్యాను."

"రేపు సోమవారం," అంది నర్సమ్మ.

మిస్త్రీ ఫోన్ తీశాడు. కొండ మీద సిగ్నల్ ఒక గీత ఉంది, పోతుంది, వస్తుంది. వ్యాను డ్రైవరు నంబరు నొక్కి, పిట్టగోడ దగ్గరికి నడిచాడు. కింద ఊరు కనబడుతోంది. కప్పులు, కప్పుల మధ్య రోడ్లు, రోడ్ల మీద పురుగుల్లా బళ్ళు. ఏ పురుగు తనదో తెలియదు. ఫోన్ మోగుతోంది. ఎత్తకపోతే బాగుండుననీ, ఎత్తకపోతే ఎలాగనీ ఒకేసారి అనిపించింది.

ఎత్తాడు.

"ఏంటి మిస్త్రీ, ఆదివారం కూడా వదలవా?"

"రేపు వ్యాను బయటికి తీయకు. నేను పొద్దున్నే వస్తాను. వైపరు పని చేసినప్పుడు తప్పు వైరుకు కలిపానేమోనని అనుమానం. నాకు... నాకు రంగులు తెలియవు. పుట్టినప్పటి నుంచీ తెలియవు."

అటు నుంచి గట్టిగా నవ్వు వినిపించింది. "బాగుంది! పొద్దున్నే ఎక్కించావా ఏంటి? రంగులు తెలియకుండానే ఇన్నేళ్ళూ మా బళ్ళు చేశావా? వ్యాను తీయకపోతే పిల్లల్ని నీ స్కూటరు మీద తోలుకెళ్తావా? పెట్టెయ్ పెట్టెయ్."

వెనక నర్సమ్మ కారు స్టార్టైంది. మిగతా బళ్ళ కోసమే కాబోలు, పైకి పోకుండా కిందికి తిరుగుతోంది. భార్య గోడ పట్టుకుని ఒక్కొక్క అడుగూ తడుముకుంటూ ఆయన దగ్గరికి వస్తోంది. మిస్త్రీ ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"పెట్టకు," అన్నాడు. "నవ్వు. ఎంతసేపు నవ్వుతావో నవ్వు. అయ్యాక చెప్తాను, విను."

నవ్వు ఆగేదాకా నిలబడ్డాడు. ఆగాక, అదే మాట మళ్ళీ చెప్పాడు, ఈసారి రోడ్డు మీద పోయేవాళ్ళకు కూడా వినబడేలా.